సాక్షి సంతకం పెట్టనన్న ఆవిడ

గత శనివారం పాస్‌పోర్టు నకలు మీద సాక్షి సంతకం కోసం లైబ్రరీకి వెళ్ళాను. మెట్ల పక్కన అదే బల్ల, దాని మీద అదే అట్టబోర్డు. వెనక కుర్చీలో మాత్రం ఎవరో కొత్తాయన ఉన్నాడు. అసలూ నకలూ పక్కపక్కన పెట్టి చూసి, ముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చేశాడు. అర నిమిషం పట్టలేదు. నేను కదలకపోయేసరికి ఇంకేమైనా ఉందా అన్నట్టు నవ్వుతూ చూశాడు. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను.

ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చునే ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఆవిడైతే ఆ నకలుకి పది నిమిషాలు తీసుకునేవారు. ముందు పాస్‌పోర్టులో పేరు పైకి చదివేవారు. "సరిగ్గా పలికానా?" అని అడిగేవారు. సమోవా పేరైనా చైనా పేరైనా, అవతలి మనిషి సరేనని తలూపేదాకా రెండు మూడుసార్లు పలికేవారు. ఆ తర్వాతే కళ్ళజోడు పెట్టుకునేవారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గడియారం చూసుకుంటుంటే, "పేరు తెలియకుండా సాక్ష్యం ఎలా చెప్పను?" అని వాళ్ళకే సమాధానం చెప్పేవారు.

ఇక్కడ న్యూజిలాండ్‌లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అని ఉంటారు. అందరూ జేపీ అంటారు. జీతం ఉండదు, ఫీజు తీసుకోరు. మనం ప్రమాణపత్రం మీద సంతకం చేస్తుంటే చూసి, చూశామని కింద సంతకం చేస్తారు. అంతే పని. పామర్‌స్టన్ నార్త్ లైబ్రరీలో శనివారం పొద్దున అది ఆవిడ పని.

నేను మొదటిసారి వెళ్ళింది ఆరేళ్ళ కిందట. అప్పుడే ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి ఈ ఊరు వచ్చాం. మా ఆవిడ అక్క చనిపోయాక ఆమె కూతురు చిన్నిని మేమే తెచ్చుకున్నాం. అప్పటికి దానికి ఐదేళ్ళు. పిల్ల మా దగ్గరే పెరుగుతోందని వీసావాళ్ళకి ప్రమాణపత్రం ఇవ్వాలి. నేను ముందురోజే అన్ని కాగితాలూ నింపి, ప్రతి పేజీ మీదా నీటుగా సంతకాలు చేసి, క్లిప్పు పెట్టి తీసుకెళ్ళాను. వరంగల్‌లో మాకు అదే అలవాటు. సంతకాలు చేసిన కట్ట పంపిస్తే కోర్టు గేటు దగ్గర నోటరీ ముద్ర వేసి పంపేవాడు. మనిషిని చూడాల్సిన పనే ఉండేది కాదు.

ఆవిడ కట్ట విప్పి, నా పేరు పలికి, "తెలుగువారా?" అన్నారు. అవునన్నాను. ఆ తర్వాత అంతా తెలుగే.

"ఈ సంతకాలన్నీ ఎక్కడ చేశారు?"

"ఇంట్లోనేనండీ. మీకు టైం వేస్ట్ కాకూడదని."

"నా టైం పాడుచేసుకోవడానికే నేనిక్కడ కూర్చున్నా. మీరు సంతకం చేస్తుంటే నేను చూశానా?"

"లేదండీ."

"మరి చూశానని రాయమంటారేం? పైన ప్రింటరుంది. కొత్త కాయితాలు తీసుకురండి."

తీసుకొచ్చాను. సంతకం చేస్తున్నప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు, చేతినే చూశారు. ఎప్పుడూ అంతేనని తర్వాత తెలిసింది. మొహం చూస్తే మనిషి మర్యాదే కనబడుతుందనీ, చెయ్యి చూస్తే చేసే పని కనబడుతుందనీ అనేవారు. సంతకం అయ్యాక, "ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగారు. నిజమేనన్నాను. తర్వాత ఫారంలో ఎక్కడా లేని ప్రశ్న వేశారు.

"ఈ పిల్ల మీ ఇంట్లో పని చేస్తుందా?"

నాకు కోపం వచ్చింది. "ఐదేళ్ళ పిల్ల ఏం పని చేస్తుందండీ?"

"ఐదేళ్ళకి చెయ్యదు. ఎనిమిదేళ్ళకి చేస్తుంది," అని ముద్ర వేసి ఇచ్చేశారు.

ఆ ప్రశ్న నాలుగైదు రోజులు నన్ను వదల్లేదు. తర్వాతి శనివారం చిన్నిని పిల్లల పుస్తకాల దగ్గర కూర్చోబెట్టి, ఏదో ఒక సాకుతో ఆ బల్ల వైపు వెళ్ళాను. ఎవరూ లేరు. ఆవిడ ఒక లావు పుస్తకం మీద భూతద్దం పెట్టుకుని వంగి ఉన్నారు.

లైబ్రరీ వాళ్ళు తీసేసిన పుస్తకాలు గుమ్మం దగ్గర బండి మీద పెడతారు. అక్కడ దొరికిందట. నైలు నది మధ్యలో ఒక ద్వీపం, అక్కడ పర్షియా రాజుల కొలువులో కాపురాలున్న యూదు సిపాయిలు, వాళ్ళు అరామిక్ భాషలో రాయించుకున్న కాగితాలు. ఇల్లు రాసిచ్చినవి, పెళ్ళి ఒప్పందాలు, బానిసలకి స్వేచ్ఛ ఇచ్చినవి, పిల్లాణ్ణి కొడుకుగా తీసుకున్నవి. రెల్లుతో చేసిన పపైరస్ మీద రాసి, మడిచి, దారం కట్టి, మట్టిముద్ర వేసేవారు. దాదాపు రెండువేల నాలుగువందల ఏళ్ళు గడిచినా కొన్ని ముద్రలు చెక్కుచెదరకుండా దొరికాయట.

"ఇది మీరెందుకు చదువుతున్నారాంటీ?" అన్నాను.

"సాక్షుల కోసం. చూడు బాబూ, ప్రతి కాయితం కిందా సాక్షుల పేర్లే. ఎవరి చేత్తో వాళ్ళు రాశారు. వీడి రాత చక్కగా ఉంది. వీడికి చెయ్యి వణికింది, లేకపోతే అలవాటు లేదు. వీడు రెండు కాయితాల్లో ఉన్నాడు. పక్కింటివాడై ఉంటాడు. ఎవరేం రాయించుకున్నా వీణ్ణే పిలిచేవారేమో. నాలాగే!"

ఆ ద్వీపం మనుషుల గురించి ఆవిడ ఇరుగుపొరుగు కబుర్లలా చెప్పేవారు. పేర్లు వాడేవారు కాదు. ఆ తల్లి, ఆ కూతురు, ఆ యజమాని, యజమాని కొడుకు. అరామిక్ అక్షరాలు ఇరవై రెండూ తనంతట తనే నేర్చుకుని, ఖాళీ ఫారాల వెనక పెన్సిలుతో దిద్దేవారు. భాష వచ్చేసిందని ఎప్పుడూ అనలేదు. "సాక్షి అన్న మాట ఎక్కడున్నా పట్టుకోగలను, అంతే," అనేవారు. కాగితం ఎలా మడిచేవారో చిన్నికి నేర్పారు. ఇద్దరూ కలిసి లైబ్రరీ చీటీలు కింది నుంచి పైకి మడిచి, కుట్టుదారం కట్టి, ప్లాస్టిసిన్ ఆటమట్టి ముద్ద మీద బొత్తాం అద్ది ముద్ర వేసేవారు. పైన ఒక్క వరస రాయాలి, లోపలేముందో విప్పకుండానే తెలిసేలా. చిన్ని వాటి మీద 'నా రహస్యం, ముట్టుకోవద్దు' అని ఇంగ్లీషులో రాసేది.

ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనది ఆ తల్లీకూతుళ్ళ విడుదల కాగితం. ముసలి యజమాని ఇద్దరికీ స్వేచ్ఛ రాసిచ్చాడు. నీడలోంచి ఎండలోకి విడిచిపెడుతున్నాను అన్న అర్థం వచ్చేలా రాయించాడు. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించేవారు. వెంటనే గొంతు మారేది.

"కానీ ఎప్పుడు? తను పోయాక! పైగా వాళ్ళిద్దరూ బదులు ఏం రాసిచ్చారో విన్నావా? బతికినన్నాళ్ళూ బిడ్డలు తండ్రికి చేసినట్టు నీకు చేస్తాం, నువ్వు పోయాక నీ కొడుక్కి చేస్తాం అని."

"అయితే విడుదల ఎక్కడుందాంటీ?"

"అదే కదా నేనూ అడుగుతున్నా! నిన్నటిదాకా బానిసలుగా నీళ్ళు తోడారు. రేపటినుంచి కూతుళ్ళుగా నీళ్ళు తోడతారు. కడవ మారిందా? చెయ్యి మారిందా?"

"మరి తేడా ఏముంది?"

"కాయితం," అన్నారు. పుస్తకం మీద వేలు పెట్టి, "అది యజమాని ఇంట్లో లేదు. ఆ తల్లి కుటుంబం దాచుకుంది. వాళ్ళ కాయితాల కట్టలోనే దొరికింది. యజమానికి దాంతో ఏం అవసరం? అవసరం ఉన్నవాళ్ళే దాచుకుంటారు," అన్నారు.

ఆ తల్లి కుడిచేతి మీద యజమాని పేరు గుర్తుగా వేసి ఉండేదట. అది చెబుతూ ఆవిడ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుని నవ్వారు. "నా చేతి మీద ఎవరి పేరూ లేదు. కాయితమూ లేదు. నేనెవరినో ఏ కోర్టూ తేల్చలేదు."

చిన్ని గురించి నన్నడిగిన ప్రశ్నకి అర్థం అప్పుడు కొంత తెలిసింది. మిగతాది ముక్కలు ముక్కలుగా, రెండు మూడేళ్ళలో తెలిసింది. ఆవిడది ఫిజీ. తాత గోదావరి వైపు నుంచి గిర్మిట్ మీద, అంటే చెరకు తోటల్లో కూలీ ఒప్పందం మీద, వేలిముద్ర వేసి వెళ్ళినవాడు. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి తీసుకెళ్ళి ఒక తెలుగు మాస్టారింట్లో ఉంచాడు. మాస్టారి భార్య అప్పుడు నెలతప్పి ఉంది. తోడుగా ఉంటుందనుకున్నారు. మళ్ళీ ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేదు. ఆ ఇంట్లోనే తెలుగు చదవడం నేర్చుకున్నారు, అంట్లు తోమారు, పుట్టిన పిల్లాణ్ణి చంకనేసుకు పెంచారు. మాస్టారిని నాన్న అనీ ఆయన భార్యని అమ్మ అనీ పిలిచారు. వాళ్ళు కూడా అందరితో మా పెద్దమ్మాయి అనే చెప్పేవారట. ఫిజీలో గొడవలప్పుడు కుటుంబమంతా న్యూజిలాండ్ వస్తూ ఆవిడనీ తీసుకొచ్చింది. మాస్టారూ భార్యా ఈ ఊళ్ళోనే పోయారు. ఇద్దరికీ చివరిదాకా చేసింది ఆవిడే. చంకనెత్తుకున్న పిల్లాడు ఇప్పుడు ఆక్లండ్‌లో, హెండర్సన్ దగ్గర టైర్ల షాపు నడుపుతున్నాడు.

"ఒకే ఒక్క కాయితం ఉంది నాకు," అన్నారు ఒకసారి. "ఇక్కడికొచ్చిన వీసా కాయితం. అందులో ఇంటి పనిమనిషి అని ఉంది. నాన్నే రాశారు. అలా రాయకపోతే నన్ను అక్కడే వదిలేసి రావాలి. మరి నన్ను కూతురనుకునే అలా రాశారా, పనిమనిషి కావాలనే తెచ్చుకున్నారా? ఆ కాయితం రెండు రకాలుగానూ చదవొచ్చు బాబూ. నేను ముప్పై ఏళ్ళుగా చదువుతున్నా."

దుఃఖంగా అనలేదు. అరామిక్ అక్షరం అంతుపట్టనప్పుడు ఎలా అనేవారో అలాగే అన్నారు.

చిన్ని ఎనిమిదో పుట్టినరోజుకి ఆవిడని పిలిచాం. కేకు మొదటి ముక్క చిన్ని ఆవిడ నోట్లో పెట్టింది. తర్వాతి శనివారం నేనేదో నకలు పట్టుకెళితే ఆవిడ చెయ్యి చాపలేదు.

"నీకిక నేను చెయ్యకూడదు. ఫార్మసీ పైన ఇంకొకాయన ఉన్నాడు, ఆయన దగ్గరికెళ్ళు."

"ఏమైందాంటీ?"

"చుట్టాలకి సాక్షిగా ఉండకూడదు. మీ పిల్ల నాకు కేకు పెట్టింది కదా," అన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు. అప్పటినుంచి నా కాగితాలన్నీ ఫార్మసీ పైకే వెళ్ళాయి.

ఈ నియమమే ఆవిడ జీవితంలో నేను చూసిన పెద్ద గొడవకి కారణమైంది.

నిరుడు, జామకాయల్లా ఉండే ఫెయిజోవా కాయల కాలం. ఊరంతా ఎవరికి వాళ్ళు సంచులకొద్దీ కాయలు తెచ్చి పక్కవాళ్ళకి అంటగడుతున్నారు. నేనూ చిన్నీ ఒక సంచి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాం. తలుపు తీస్తూనే, "మళ్ళీ ఫెయిజోవాలే! నిన్న ఇద్దరిచ్చారు," అన్నారు. మా వెనకే ఆవిడ పెంచిన ఆ ఆక్లండ్ తమ్ముడి కారు ఆగింది. యాభై దాటిన భారీ మనిషి, నవ్వుమొహం. వస్తూనే సోఫాలో కూలబడ్డాడు.

"టీ పెట్టవా అక్కా. ఆరు గంటలు డ్రైవ్ చేశా, నడుం పోయింది."

ఆవిడ లేచారు. చిన్ని ఆయన్ని కాసేపు చూసి ఇంగ్లీషులో అడిగింది, నువ్వు తమ్ముడివి కదా, నువ్వే పెట్టొచ్చుగా అని.

"ఈ పిల్ల పక్కా కివీ, ఇక్కడి పిల్ల అయిపోయింది బాబూ!" అని ఆయన పెద్దగా నవ్వాడు. ఆవిడ వంటింట్లోంచే, "మనిళ్ళల్లో అంతేనే అమ్మడూ. కూతురూ లేస్తుంది, పనిమనిషీ లేస్తుంది. లేచినదాన్ని చూసి ఎవరో చెప్పలేం," అన్నారు. ఆయన అది విన్నట్టు లేదు.

టీ తాగి జేబులోంచి కవరు తీశాడు. కాబోయే అల్లుడి వీసా కోసం ప్రమాణపత్రం. ఆ సాయంత్రం లోపల పోస్టులో పడాలి. ఈ ఊళ్ళో ఇంకేదో పని ఉండి వస్తూ, అక్క ఉంది కదా అని సంతకం ఇక్కడికి అట్టేపెట్టుకున్నాడు.

"స్టాంపు తీసుకురా అక్కా."

"నేను చెయ్యకూడదురా. తమ్ముడివి. చుట్టాలకి సాక్షిగా ఉండకూడదు."

"అబ్బ, ఎవరికి తెలుస్తుందక్కా? మన సర్‌నేములు వేరు."

"నాకు తెలుస్తుంది కదా."

ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత, చిక్కుముడి విప్పినవాడిలా మొహం వెలిగిపోతూ, "అక్కా, లీగల్‌గా చూడు. మనకి బ్లడ్ రిలేషన్ లేదు. పేపర్ మీద నువ్వు సిస్టర్‌వి కాదు. ఆ రూలు నీకు అప్లై అవదు!" అన్నాడు.

ఆ మాటలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. పని కావాలంతే. నేను ఇంట్లోనే సంతకాలు చేసుకుని వెళ్ళినట్టే. కానీ నాకు ఎటు చూడాలో తెలియలేదు. చిన్ని కూడా సంచిలో కాయలు కెలకడం ఆపింది.

ఆవిడ కాగితం అందుకున్నారు. మామూలుగా లోపలి సంగతి చదివేవారు కాదు. ఆ రోజు చివరిదాకా చదివారు. తన చేతిసంచీలోంచి పెన్ను తీసి మూత విప్పారు. ఆయన, "అదీ!" అని ముందుకు జరిగాడు. ఆవిడ పెన్ను పట్టుకుని కొంచెంసేపు అలాగే కూర్చుని, మళ్ళీ మూత పెట్టేశారు.

"ఇక్కడ పెడితే రెండింటికి సాక్ష్యం చెప్పినట్టురా. నువ్వు సంతకం చేశావని ఒకటి. నువ్వు నాకేమీ కావని ఒకటి. మొదటిది నా ముందు చేస్తావు కాబట్టి చెప్పగలను. రెండోది నేను చూడలేదు. నేను చూసింది వేరు."

"డ్రామా చెయ్యకక్కా. పోస్టాఫీసు మూసేస్తారు."

"ఫార్మసీ పైన ఆయనకి ఫోన్ చేసి చెప్తా. కిందికి దిగొచ్చి నీ కోసం నిలబడతాడు. పో."

చెప్పినట్టే ఫోన్ చేశారు. తమ్ముడి పేరు అక్షరం అక్షరం పలికి చెప్పారు. ఆయన తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ మాకు ఫెయిజోవాలు కోసి చెంచాలిచ్చారు. "వాడికి కోపం వచ్చింది. చిన్నప్పుడూ అంతే, కోపమొస్తే అన్నం మానేసేవాడు. నేను మళ్ళీ కలిపి పెట్టేదాన్ని," అన్నారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. ఫోను కూడా చేయలేదని నాకు తెలుసు, ఎందుకంటే ప్రతి శనివారం నేనే అడిగేవాణ్ణి. పెళ్ళి శుభలేఖ మాత్రం పోస్టులో వచ్చింది. ఆవిడ ఆసుపత్రి పరీక్షలున్నాయని చెప్పి వెళ్ళలేదు. పరీక్షలు నిజమే, కానీ ఆ వారం కాదు.

ఆ నెలల్లో ఆవిడ పుస్తకంలో ముందుకి వెళ్ళారు. విడుదల పొందిన ఆ కూతురి పెళ్ళి ఒప్పందం దొరికింది. ముసలి యజమాని అప్పటికి లేనట్టుంది. పెళ్ళికొడుకు వచ్చి పిల్లనడిగింది యజమాని కొడుకుని. అందులో ఆ అమ్మాయిని 'నీ సోదరి' అని రాశారు.

"చూశావా!" అని ఆవిడ భూతద్దం నా చేతికిచ్చారు. నాకు గీతలు తప్ప ఏమీ కనబడలేదు. "ఒకప్పుడు వీళ్ళింటి బానిస. ఇక్కడ సోదరి. మధ్యలో ఏం జరిగింది? అదెక్కడా లేదు. వాడంతట వాడే అన్నాడా? ఆ అమ్మాయి పట్టుబట్టిందా? రాసేవాడు అలవాటు కొద్దీ రాసేశాడా?"

"మీరేమనుకుంటున్నారు?"

"ఏమో. రాస్తుంటే వాడు పక్కనే ఉన్నాడు. సాక్షులూ ఉన్నారు. కాదని ఎవరూ అనలేదు. అంతవరకే చెప్పగలం." భూతద్దం వెనక్కి తీసుకుని తుడుస్తూ, "నేను ఆ రోజు తప్పు చేశానంటావా?" అన్నారు. కాదన్నాను. "నువ్వు చుట్టానివి, నీ సాక్ష్యం చెల్లదు," అన్నారు.

నాలుగు నెలల కిందట, ఒక మంగళవారం, ఇంట్లోనే పడిపోయారు. పక్కింటావిడ అంబులెన్సు పిలిచింది. నేను వార్డుకి వెళ్ళేసరికి స్పృహ లేదు, మర్నాటికి మనిషే లేరు. పాత పరీక్షలప్పుడు నింపిన ఫారం నర్సు నాకు చూపించింది. దగ్గరివాళ్ళు అన్న చోట తమ్ముడి పేరూ, ఫోను నంబరూ ఉన్నాయి. సంబంధం అన్న గడి ఖాళీ. మిగతా ఫారమంతా గుండ్రటి అక్షరాలతో పూర్తిగా నింపి ఉంది. ఒక్క గడి మర్చిపోయే మనిషి కాదు ఆవిడ.

నేనే ఫోన్ చేశాను. ఆయన "వస్తున్నా" అని పెట్టేశాడు.

మర్నాడు అంత్యక్రియలు చూసేవాళ్ళ ఆఫీసులో కలిశాం. గడ్డం గీసుకోలేదు. బల్ల అవతల పెద్దామె ఒక ఫారం ఇచ్చింది. మరణం నమోదు చేయడానికి వివరాలు కావాలి. పేరు రాశాడు, వయసు రాశాడు. తల్లి పేరు దగ్గర ఆగాడు.

"అక్క వాళ్ళ అమ్మ పేరు మీకేమైనా చెప్పిందా?"

"గుర్తు లేదని చెప్పారు."

తెలియదు అని ఇంగ్లీషులో రాశాడు. తండ్రి పేరు దగ్గర కూడా అదే రాశాడు. అలా రాయడానికి ఆయనకి కష్టమైంది. తన తల్లిదండ్రుల పేర్లు రాసేస్తాడేమోనని ఒక క్షణం అనుకున్నాను. రాయలేదు. అది నిజం కాదు.

కింద, వివరాలు ఇచ్చిన వ్యక్తి. తన పేరు రాశాడు. దాని పక్కన, చనిపోయినవారితో సంబంధం. పెన్ను గాల్లో ఆగింది. బల్ల అవతలామె పైన రాసింది చదివి ఉంటుంది. స్నేహితుడు అని రాసినా సరిపోతుందని ఎంతో మెల్లగా చెప్పింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. బ్రదర్ అని రాశాడు. పెద్ద అక్షరాలతో రాశాడు.

"తల్లిదండ్రులు తెలియదని రాసి ఇక్కడ బ్రదర్ అంటే, ఆఫీసువాళ్ళు మీకు ఫోన్ చేసి అడగొచ్చు," అందామె.

"అడగనివ్వండి. చెప్తా."

సంతకం చేసే గీత మీద పెన్ను పెట్టబోయి ఆగాడు. ఫారం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి పైకి చదివాడు. అక్క పేరు సగంలోనే ఆపాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. చివరి గడి దాకా వచ్చి, కాగితం బల్ల మీద పెట్టి, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"చూస్తున్నారు కదా?"

చూస్తున్నానని చెప్పాను. ఆయన మొహం కాదు, చెయ్యి చూశాను.